ఏ పార్టు మారితే కంప్యూటర్ కొత్తదవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, ఎచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2017లో ర్యామ్ 8 జీబీ చేయించాను. 2019లో ఎస్ఎస్‌డీ వేయించాను. 2021లో ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) కాలిపోతే కొత్తది పెట్టించి, పనిలో పనిగా క్యాబినెట్ కూడా మార్చాను. ఇప్పుడు విండోస్ 11 కావాలంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలంటున్నారు. మార్చాక అది నా పాత కంప్యూటరేనా, కొత్తదా? విండోస్ మళ్లీ కొనాలా?
– డీటీపీ సెంటర్ యజమాని, తణుకు

జవాబు: మన దగ్గర డబ్బా మొత్తాన్నీ 'సీపీయూ' అనే అంటాం. 'సీపీయూ పట్టుకురండి' అని మెకానిక్ అన్నాడంటే ఆ డబ్బాను తెమ్మనే. ఆ లెక్కన 2021లో క్యాబినెట్ మార్చిన రోజే మీ సీపీయూ కొత్తదైపోవాలి. కాలేదు కదా! స్విచ్చేస్తే అదే విండోస్, అవే ఫాంట్లు, అవే పెళ్లి కార్డుల ఫైళ్లు. ఇన్నాళ్లూ మీరు ఎన్ని మార్చినా అది పాతదే. బోర్డు మార్చిన రోజున మాత్రం కొత్తది.

విండోస్ లైసెన్సు లెక్క కూడా ఇదే. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు విషయంలో మైక్రోసాఫ్ట్ చాలాకాలంగా చెబుతున్నది ఒకటే: మిగతా పార్టులు ఎన్నయినా మార్చుకోండి, లైసెన్సు మీదే. బోర్డు పాడైపోయి మార్చినా ఫర్వాలేదు. బాగున్న బోర్డును తీసేసి మెరుగైనది పెట్టుకుంటే మాత్రం కొత్త కంప్యూటర్ తయారైనట్టే, దానికి లైసెన్సు వేరే కొనాలి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సుకు ఈ పేచీ లేదు. పాతదాంట్లోంచి తీసి కొత్తదానికి పెట్టుకోవచ్చు.

బోర్డుకే ఎందుకింత పట్టింపు అంటే, తక్కినవన్నీ దానికి తగిలించుకునేవే. ఏ ప్రాసెసర్ పడుతుంది, ఏ ర్యామ్ పడుతుంది అనేది బోర్డే తేలుస్తుంది. మీ ఎచ్81కి ఉన్న 1150 సాకెట్‌లో 12వ తరం ప్రాసెసర్ కూర్చోదు, దానికి 1700 సాకెట్ కావాలి. ర్యామ్ కూడా అంతే. మీది 240 పిన్నుల డీడీఆర్3. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే గానీ మధ్యలో గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. అందుకే బోర్డు ఒక్కటే మార్చడమంటూ ఉండదు. దాంతోపాటు ఇంకో రెండు వెళ్లిపోతాయి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా బోర్డు మీదో, ఆ ప్రాసెసర్ లోపలో ఉంటుంది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి కాబట్టి, నాలుగో తరంతో మీరు అటు వెళ్లలేరు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మెకానిక్ మీకు చెప్పింది సబబే.

పూరీలో నవకళేబరం నాడు కొత్త దారువిగ్రహాలు చేసి, పాతవాటిలోని బ్రహ్మపదార్థాన్ని వాటిలోకి మారుస్తారు. 2015లో జరిగింది. భక్తుడికి జగన్నాథుడు అప్పుడూ ఇప్పుడూ ఆయనే. మీ ఎస్ఎస్‌డీని కొత్త బోర్డుకు తగిలిస్తే మీకూ అలాగే, కంప్యూటర్ అదేననిపిస్తుంది. విండోస్‌కు అంత భక్తి లేదు.

ఇక పని సంగతి. స్క్రూ విప్పకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టార్ట్ పక్కన సెర్చ్‌లో ఎస్-ఎల్-ఎమ్-జి-ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డి-ఎల్-ఐ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కాసేపటికి ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో 'రిటైల్' అని ఉంటే నిశ్చింత. 'ఓఈఎం' అని ఉంటే పైన చెప్పిన నియమం వర్తిస్తుంది. 'వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్' అని ఉండి, మీది పెద్ద సంస్థ కాకపోతే, ఎవరో దొంగ యాక్టివేషన్ చేసిపెట్టారన్నమాట. కేఎంఎస్ యాక్టివేషన్ 180 రోజులకే చెల్లుతుంది, గడువులోగా మళ్లీ పునరుద్ధరించుకుంటూ ఉండాలి. దాన్ని కొత్త బోర్డుకు తీసుకెళ్లే మాటే లేదు.

రిటైల్ అయితే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముడిపడి ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే అకౌంట్‌తో లాగిన్ కండి. బోర్డు మారాక అదే పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, 'ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను' అనే మాట ఎంచుకుంటే మీ పాత మెషీన్ల జాబితా వస్తుంది. పాతదాని పేరు మీద టిక్ పెడితే సరిపోతుంది. జాబితాలో అన్నీ 'డెస్క్‌టాప్' అన్న మాట పక్కన అర్థంకాని అక్షరాలతో కనబడితే తికమక పడతారు. అందుకే ముందే మెషీన్‌కు గుర్తుపట్టే పేరొకటి పెట్టుకోండి.

డ్రైవు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలది, కాగితం మీద రాసుకోండి. బోర్డు మారగానే అదే అడుగుతుంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతుక్కోవాలంటే చేతిలో ఇంకో ఫోనో కంప్యూటరో ఉండాలి. టాలీ ఉంటే లైసెన్సు ముందే సరెండర్ చేయండి. పాత సాఫ్ట్‌వేర్‌కు ప్యారలల్ పోర్టులో పెట్టే డాంగిల్ వాడుతుంటే, కొత్త బోర్డులో ఆ పోర్టు ఉందేమో కొనేముందే చూసుకోండి. చాలావాటిలో ఉండదు.

మీ ఎస్ఎస్‌డీలోని విండోస్ 2014 నాటి హార్డ్ డిస్క్ నుంచి కాపీ అయినదైతే, డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి ఉంటుంది. దానికి కావాల్సిన పాతకాలపు లెగసీ బూట్ కొత్త బోర్డుల్లో ఉండదు, ఉన్నా ఆపేసి ఉంటుంది. అన్నీ బిగించి ఆన్ చేస్తే బూట్ డివైస్ దొరకలేదంటుంది, బోర్డు పోయిందనుకుంటారు. విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్‌టుజీపీటీ అనే ఆదేశంతో పాత బోర్డు మీద ఉండగానే కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోవచ్చు. మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే అది ఒప్పుకోదు. మార్చాక పాత బోర్డు బయాస్‌లో కూడా బూట్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి తిప్పాలి. ఇంత అవస్థ ఎందుకు, తాజాగా విండోస్ వేయండి అంటాం మేము. పదేళ్ల డ్రైవర్ల చెత్తను కొత్త బోర్డు మీదికి మోసుకెళ్లడం దండగ. పాత ఎస్ఎస్‌డీని విప్పి పక్కన పెట్టి, కొత్త ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాతే పాతది డేటా కోసం తగిలించండి. రెండూ ఉండగా ఇన్‌స్టాల్ చేస్తే బూట్ ఫైళ్లు ఒక్కోసారి పాత డిస్క్‌లో పడతాయి. రేపు దాన్ని తీసేస్తే కొత్తది లేవదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా బిల్లు మీద రెండు చూసుకోండి. ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉందా? ఐ3-12100 వేరు, 12100ఎఫ్ వేరు. ఎఫ్ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, విడి కార్డు లేకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. రెండోది, ఎచ్610 బోర్డులు డీడీఆర్4వి కొన్ని, డీడీఆర్5వి కొన్ని. ర్యామ్ దానికి తగ్గదే తీసుకోవాలి.

బిగించేటప్పుడు ఎక్కువమంది పొరబడే చోటు క్యాబినెట్ పళ్లెం మీద ఉంటుంది. పాత బోర్డు కింద దాన్ని ఎత్తిపట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి, మినపగింజ కంటే కాస్త పొడుగ్గా. కొత్త బోర్డు రంధ్రాలు అన్నీ అదే చోట ఉండవు. రంధ్రం లేని చోట స్టాండాఫ్ మిగిలిపోతే అది బోర్డు వెనక టంకానికి తగిలి షార్ట్ అవుతుంది. ఫ్యాను ఒక్కసారి విదిలించినట్టు తిరిగి ఆగిపోతుంది. ఇలా జరిగితే ముందు బోర్డు పైకెత్తి కింద చూడండి, ఎస్ఎంపీఎస్‌ను తిట్టకండి. 1700 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి. వేలు తగిలినా వంగుతాయి. సాకెట్ మీద వచ్చే నల్ల ప్లాస్టిక్ మూతను పారేయకండి, వారంటీకి బోర్డు పంపాల్సి వస్తే అడుగుతారు. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు.

ప్రశ్న: మా చిన్న సంస్థలో 6 కంప్యూటర్లకు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చారు. బిల్లు విడివిడి పార్టుల పేరుతో వచ్చింది. దీన్ని రిపేరు ఖర్చుగా రాయాలా, కొత్త ఆస్తిగా చూపాలా?
– అకౌంటెంట్, ఖమ్మం

జవాబు: బిల్లు మీద 'పార్టులు' అని ఉన్నంత మాత్రాన రిపేరు అయిపోదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా పనిచేయించడానికి పెట్టింది రిపేరు: కాలిపోయిన ఎస్ఎంపీఎస్, ఆగిపోయిన ఫ్యాను, చెడిన 4 జీబీ ర్యామ్ స్థానంలో 4 జీబీ ర్యామ్. మీరు చేసింది అది కాదు, పనిచేసేవాటి స్థానంలో వేరే తరం యంత్రం వచ్చింది. స్పిన్నింగ్ మిల్లుల కేసులో 2007లో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో, రింగ్ ఫ్రేమ్‌ను మొత్తంగా మార్చడం 'కరెంట్ రిపేర్స్' (ఎప్పటికప్పుడు చేసుకునే మరమ్మతులు) కిందికి రాదంది. మా సలహా: ఆస్తిగా చూపండి.

ఆదాయపు పన్ను లెక్కలో 'అదే కంప్యూటరా, కాదా' అన్న చర్చకు అంత చోటు లేదు. అక్కడ ఒక్కో కంప్యూటర్‌ను విడిగా చూడరు, అన్నీ ఒకే బ్లాకులో, అంటే ఒకే రేటున్న ఆస్తుల గుంపులో, కలిసిపోతాయి. తరుగుదల 40 శాతం. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. కంపెనీల చట్టం లెక్క వేరు: డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లకు 3 ఏళ్లు, సర్వర్లు, నెట్‌వర్క్‌లకు 6 ఏళ్లు ఆయుష్షు. మీది కంపెనీ అయితే, తీసేసిన పాత పార్టుల విలువ ఇంకా పుస్తకాల్లో ఉంటే దాన్ని కొట్టేయాలి. లేకపోతే ఒకే డబ్బాలో రెండు బోర్డులున్నట్టు లెక్క తేలుతుంది. ఆస్తుల రిజిస్టరులో పాత నంబరు ముగించి కొత్త నంబరు ఇవ్వండి, స్టిక్కరు కూడా మార్చండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ బోర్డు పోతే వారంటీలో సర్వీస్ సెంటర్ వాళ్లు మార్చారు. ఇప్పుడు ఆఫీసు నెట్‌వర్క్ దాన్ని గుర్తించట్లేదు. సీరియల్ నంబరేమో అదే ఉంది.
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సీరియల్ నంబరు వెనక స్టిక్కరు మీదే కాదు, బోర్డులోని చిప్‌లో కూడా ఉంటుంది. సర్వీస్ వాళ్లు కొత్త బోర్డులో పాత నంబరే రాస్తారు, వారంటీ దాని మీదే నడుస్తుంది కాబట్టి. కానీ కేబుల్ పోర్టుకుండే మ్యాక్ చిరునామా, అంటే నెట్‌వర్క్ గుర్తుపట్టే నంబరు, బోర్డుతో పాటే మారిపోతుంది. వైఫై కార్డు విడిగా ఉండి పాతదే తిరిగి పెడితే దాని చిరునామా మారదు. బోర్డుకే అతికించినదైతే అదీ మారుతుంది. ఆఫీసు ఐటీ వాళ్లకు కొత్త చిరునామా ఇచ్చి నమోదు చేయించండి. లాగిన్‌లో పిన్, వేలిముద్ర పనిచేయకపోతే కంగారు పడకండి, అవి పాత టీపీఎంతో పోయాయి. పాస్‌వర్డ్‌తో వెళ్లి మళ్లీ పెట్టుకోండి.

ప్రశ్న: విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో రెండు మూడు పార్టులు మార్చినా ఫర్వాలేదు గానీ, ఒకసారి ఉన్నట్టుండి యాక్టివేషన్ అడిగేది. దాని లెక్కేమిటి?
– విశ్రాంత లెక్చరర్, అనంతపురం

జవాబు: అది ఓట్ల లెక్క. 2001లో వచ్చిన ఎక్స్‌పీ దాదాపు పది పార్టుల గుర్తులు దాచుకునేది: గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవు, ప్రాసెసర్, ర్యామ్ పరిమాణం వగైరా. ఒక్కోదానికి ఒక్క ఓటు, నెట్‌వర్క్ కార్డుకు మాత్రం మూడు. ఏడు ఓట్లు నిలిస్తే పాతదే. అందుకే నెట్‌వర్క్ కార్డు కదపకుండా కొన్ని పార్టులు మార్చినా ఊరుకునేది, అది మారిందంటే మాత్రం తొందరగా నిలదీసేది.

ప్రశ్న: బోర్డు మార్చాక మిగిలిన పాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌తో పిల్లలకు ఇంకో కంప్యూటర్ చేద్దామనుకుంటున్నాం. అప్పుడు రెండింటిలో ఏది పాతది?
– పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఓఈఎం లైసెన్సయితే పాత బోర్డున్నదే పాతది. దాంట్లో విండోస్ 10 అదే ఎడిషన్ తాజాగా వేసి నెట్ తగిలించండి, కీ అడక్కుండానే యాక్టివేట్ అవుతుంది. రిటైల్ లైసెన్సును కొత్తదానికి తీసుకెళ్లి ఉంటే మాత్రం ఇక్కడ వాడకూడదు. పిల్లల చదువుకైతే లినక్స్ మింట్ లాంటిది వేయండి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే పాత నాలుగో తరం కూడా హాయిగా నడుస్తుంది.

పదేళ్ల బోర్డు కాబట్టి ముందు నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది చచ్చిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏ పదేళ్ల వెనక్కో పోతుంది. వెబ్‌సైట్లు ఏది తెరిచినా సర్టిఫికెట్ చెల్లదంటాయి. వైరస్ అనుకుని మళ్లీ మళ్లీ ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. ముందు స్క్రీన్ మూలన తేదీ చూడండి.