గట్టిగా బ్రేకు వేస్తే పాత కారు ఇంజన్ ఆగిపోతోంది, ఎక్కడి నుంచి వెతకాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి: 20 ఏళ్లు దాటిన పెట్రోలు కారు, మెల్లగా ఆపితే ఏ ఇబ్బందీ లేదు, గట్టిగా బ్రేకు తొక్కితే ఇంజన్ ఆగిపోతోంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చినా గుణం లేదు.

ఇంకో పార్టు కొనే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఇంజన్ ఆగుతున్నది పెడల్ తొక్కినందుకా, బండి వేగం ఒక్కసారిగా తగ్గినందుకా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

బండి నిలబెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్ వేడెక్కనివ్వండి. తర్వాత పెడల్‌ని గట్టిగా తొక్కి 10 సెకన్లు అలాగే పట్టుకోండి. తొక్కిన క్షణంలో ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) కాస్త కదిలి సర్దుకుంటే మామూలే. పట్టుకున్నంతసేపూ ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) పడిపోతూ, పెడల్ దగ్గర బుస్సుమనే శబ్దం ఆగకుండా వస్తుంటే బ్రేక్ బూస్టర్ (ఇంజన్ పీల్చే వాక్యూమ్‌తో బ్రేకుకు బలమిచ్చే డబ్బా) లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్ చిరిగిందని అనుమానించాలి. చిన్న చిరుగు డయాఫ్రమ్ పూర్తిగా కదిలినప్పుడే విచ్చుకుంటుంది. అందుకే మెల్లగా తొక్కితే ఏమీ తెలియదు. విచ్చుకోగానే బయటి గాలి మానిఫోల్డ్‌లోకి (ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టాల్లోకి) దూరి, పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి ఇంజన్ ఆగుతుంది. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది) ఉన్న బండ్లలో మాత్రం గాలి లీకైతే ఆర్‌పీఎం పెరగొచ్చు. పెరిగింది కదా అని బూస్టర్‌ని వదిలేయకండి.

నిర్ధారణకు ఇంజన్ ఆపి, బూస్టర్ హోస్‌ని మానిఫోల్డ్ దగ్గర ఊడదీసి, మానిఫోల్డ్ వైపు మిగిలిన గొట్టం మొనకు రబ్బరు మూత బిగించండి. మళ్లీ స్టార్ట్ చేసి పెడల్ తొక్కండి. ఆర్‌పీఎం కదలకపోతే లీకు బూస్టర్‌లోనే. అప్పటికీ పడితే అది వాక్యూమ్ సంగతి కాదు, బ్రేకు లైట్ల లోడుకే కరెంటు చాలట్లేదేమో అనుమానించాలి. ఇలా మూత పెట్టి బండిని అంగుళం కూడా నడపొద్దు, బ్రేకుకు బూస్టర్ సాయం ఉండదు.

హోస్ తిరిగి పెట్టాక మరో పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కిపట్టి, ఇంజన్ ఆపండి. 30 సెకన్ల పాటు పెడల్ ఎత్తు మారకూడదు. పాదాన్ని పైకి నెడుతుంటే డయాఫ్రమ్ గానీ, హోస్‌లోని చెక్ వాల్వ్ గానీ పట్టు నిలపట్లేదు. చెక్ వాల్వ్‌ని విప్పి నోటితో ఊదితే ఒకే వైపు గాలి వెళ్లాలి. ముందు చూడాల్సింది అదే, బూస్టర్ కంటే చాలా తేలిగ్గా మారుతుంది.

బూస్టరే మార్చాల్సివస్తే దానికి బిగించి ఉండే మాస్టర్ సిలిండర్‌ని (బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) కూడా విప్పి చూడండి. వెనక సీలు కారితే బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి చేరి డయాఫ్రమ్‌ని పాడుచేస్తుంది. బయట ఎక్కడా తడి లేకుండా ఆయిల్ తగ్గుతుండటం, సైలెన్సర్ నుంచి తెల్లపొగ రావడం దీని గుర్తులు. సీలు వదిలేసి బూస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అలాగే పోతుంది. బిగించేటప్పుడు బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే పుష్‌రాడ్ పొడవు సరిచూడటం మరవద్దు. పొడవెక్కువైతే పాదం తీసినా బ్రేకులు పట్టే ఉంటాయి.

నిలబెట్టి తొక్కినప్పుడు ఏమీ కాకపోతే, వేగం తగ్గడమే కారణం. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు ముట్టకుండా క్లచ్ మాత్రం తొక్కండి. ఇంజన్ ఆగితే బ్రేకుకు సంబంధం లేదు. థ్రాటిల్ బాడీలో (యాక్సిలరేటర్ తెరిచే గాలి దారిలో), ఐడ్లింగ్ వాల్వ్‌లో మసి పేరుకుని ఆర్‌పీఎం ఐడ్లింగ్ దగ్గర నిలబడలేకపోతోంది. క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు ఇంతటితో పోతుంది. ఆటోమేటిక్ గేర్ల బండైతే ఆగే ముందు న్యూట్రల్‌కి మార్చి చూడండి. అప్పుడు ఆగకపోతే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కు గట్టిగా కలిపే క్లచ్) విడవట్లేదేమో చూపించాలి.

కార్బొరేటర్ బండిలో అసలు అనుమానం ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలే బుడ్డి) మీదే. ఠక్కున ఆగితే చెంబులో నీళ్లు తొణికినట్టు ఫ్లోట్ ఉండే బౌల్‌లో పెట్రోలు ముందుకు ఎగదన్నుతుంది. మట్టం ఎక్కువుంటే వెంచూరిలోకి (గాలి వెళ్లే సన్నని దారిలోకి) పొర్లి ఇంజన్ మునుగుతుంది, తక్కువుంటే జెట్ (పెట్రోలు వెళ్లే రంధ్రం) బయటపడి పెట్రోలు అందదు. తేడా మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడే తెలుస్తుంది. పెట్రోలు వాసన వచ్చి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గానీ అందుకోకపోతే మునిగినట్టు. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు గలగలమంటే చిల్లు పడింది. వేడినీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు వస్తాయి (స్టవ్వుకు, మంటకు దూరంగా చేయాలి). పెట్రోలు రాకను ఆపే నీడిల్ మొనలో గాడి పడితే సీటుతో సహా మార్చండి. మట్టం మీ కార్బొరేటర్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకే పెట్టాలి, ఫ్లోట్ మీది రేకు నాలుకను కొద్దికొద్దిగా వంచుతూ. అంచనాతో వంచితే మలుపుల్లో కొత్త తంటా మొదలవుతుంది.

ట్యాంకు నిండా ఉన్నప్పుడు రాక, పావు కంటే తగ్గినప్పుడే వస్తుంటే పెట్రోలు ముందుకు జరిగి పంపుకు అందట్లేదు.

ఇక మిగిలింది ఇంజన్ మౌంటింగులు, వైర్లు. మౌంటింగు రబ్బరు తెగితే బ్రేకు వేసినప్పుడు ఇంజన్ ఊగి ఎర్త్ వైర్‌నో వాక్యూమ్ పైపునో లాగుతుంది, గాలి గొట్టం మీది పగులు తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో వీటిని ఒక్కొక్కటే చేత్తో కదిపి చూడండి, ఫ్యానుకు, బెల్టులకు చెయ్యి దూరంగా ఉంచి. బండి ఇంకా గేర్‌లో కదులుతుండగానే ఆర్‌పీఎం ముల్లు ఠపీమని సున్నాకి పడిందంటే పెట్రోలు కాదు, ఇగ్నిషన్ కరెంటే తెగుతోంది. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ ఎర్త్, తాళం వెనకున్న స్విచ్ ఆ వరుసలో చూడండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఆ ఎర్త్ వైరు విప్పి రుద్ది బిగించండి, లోపల నల్లబడి ఉంటే కొత్తది వేయండి.

ఇవన్నీ తేలేలోపు బండి వాడక తప్పకపోతే ఇది గుర్తుంచుకోండి. ఇంజన్ ఆగాక బాగున్న బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా వాక్యూమ్ మిగులుతుంది, చిరిగినదాంట్లో అదీ ఉండదు. పెడల్ రాయిలా అయినా కాలు తీయకుండా బలమంతా పెట్టి తొక్కితే బండి ఆగుతుంది. పంపు చేయొద్దు.