మా నాయనతో పేకాట ఆడించింది మాత్రలు

"మా మామయ్యకు పార్కిన్సన్స్ వచ్చాక ఎప్పుడూ దిగులుగా ఉంటున్నారు, లేని మనుషులు కనిపిస్తున్నారని అంటున్నారు. మెదడు జబ్బుకీ ఈ మానసిక లక్షణాలకీ సంబంధం ఉందా? పరిశోధనల్లో ఏమైనా తేలిందా?" అని ఒకరు నన్ను అడిగారు. ఉంది. తేలి చాలాకాలమైంది కూడా. తేలిన సంగతి మన ఇళ్లదాకా రాకపోవడమే నా బాధ.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. బడి ఆవరణలో పేక ముక్క కనిపిస్తే చాలు, ఎంత పెద్ద పిల్లగాణ్ణైనా ఎండలో నిలబెట్టేవాడు. ఆయనకూ ఇదే పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు మొదలయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే లెవోడోపా అనే మాత్రతో పాటు ప్రమిపెక్సోల్ అనే ఇంకో మాత్ర రాశారు. మాత్రలు బాగా పనిచేశాయి. చొక్కా గుండీలు మళ్లీ తనే పెట్టుకున్నాడు, చాయ గ్లాసు తొణకకుండా పట్టుకున్నాడు. అమ్మ సంబరానికి అంతులేదు. తర్వాత డోసు పెంచారు.

కొన్ని నెలలకు నాయన మధ్యాహ్నం పూట ఇంటిపట్టున ఉండటం మానేశాడు. పంట లోను రెన్యువల్ చేయిద్దామని అమ్మ సందుగ తీస్తే పట్టాదారు పాస్‌బుక్ లేదు. దాని చోట ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఉప్పు, చింతపండు కొన్నా లెక్క రాసే మనిషి కదా, పేకాట లెక్కలూ అట్లాగే రాసి పెట్టాడు. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, తారీఖు వేసి, ఎవరెవరు కూర్చున్నారో, ఎంత పోయిందో అంతా. ఒకచోట "పాస్‌బుక్ కుదువ, మూడు రూపాయల మిత్తి" అని ఉంది. అక్షరాలు మాత్రం గీత చివరికి వచ్చేసరికి కుంచించుకుపోయి చదవరాకుండా ఉన్నాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ల చేతిరాత అట్లాగే చిన్నదైపోతుంది. కల్లు కంపౌండు వెనక కొట్టంలో రోజూ మూడు ముక్కలాట. అమ్మ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకేముంది, ఇల్లంతా పంచాయితీ. "ఈ వయసుల బావకేం పోయేకాలమొచ్చింది" అన్నాడు మేనమామ. అమావాస్యకు చెరువుగట్టు గుడికి తీసుకుపోయి రాత్రి నిద్ర చేయించారు. జడల రామలింగేశ్వరుడంటే నాకూ భక్తే, మొక్కు తీర్చడం తప్పని నేను అనను. కానీ మాత్రల సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాయన నాతో మాత్రం అన్నాడు: "తప్పని తెలుసు బిడ్డా. పోవద్దనే అనుకుంట. కాళ్లే తీస్కపోతున్నయ్."

ఆ తర్వాతి సారి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు లేడు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. చేతులు ఆడించమని, నడవమని చెప్పాక, "ఇంట్లో ఖర్చులేమైనా పెరిగాయా అమ్మా? పేకాట, లాటరీ లాంటివి?" అని అడిగింది. అమ్మ అక్కడే ఏడ్చేసింది. అంతకుముందు అన్నిసార్లు పోయినా ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. మేం తెల్లవారుజామున బస్సెక్కి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పడుతూ లేస్తూ పోయి, సగం రోజు కూర్చుంటే, లోపల మాట్లాడింది రెండు మూడు నిమిషాలు. నరాల డాక్టరు ఒక అంతస్తు, మానసిక డాక్టరు ఇంకో బిల్డింగు. ఇద్దరూ చూస్తున్నది ఒకే మెదడు అయినప్పుడు ఈ గోడ ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

డాక్టరమ్మ చెప్పింది ఇది. పార్కిన్సన్స్‌లో మెదడులో కదలికలను నడిపే భాగానికి డోపమైన్ అనే రసాయనం సరిపడా అందదు. ఆశను, సంతోషాన్ని నడిపే భాగం మొదట్లో అంతగా దెబ్బతినదు. ఎండిన మడికని మోటరు వేస్తే పక్కనే తడిగా ఉన్న మడి మునిగినట్టు, ఆ లోటు తీర్చే మాత్ర రెండు చోట్లకూ పోతుంది. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలతో ఇది ఎక్కువ. 2010లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరిశీలించారు. ఈ రకం మాత్రలు వాడేవాళ్లలో 17.1 శాతం మందికి, వాడనివాళ్లలో 6.9 శాతం మందికి జూదమో, అదుపులేని కొనుగోళ్లో, అతితిండో, కామవాంఛో పట్టుకుంది. సిగ్గుపడి చాలామంది ఇవి బయటికి చెప్పుకోరు. అడగాల్సింది డాక్టరే.

నాయనకు ప్రమిపెక్సోల్ కొంచెం కొంచెంగా తగ్గించారు. ఒక్కసారిగా ఆపితే ఆందోళన, దిగులు విరుచుకుపడతాయి, కాబట్టి మీరెవరూ సొంతంగా మానేయకండి. పేకాట పోయింది. పాస్‌బుక్ విడిపించడానికి రెండు బర్రెలు అమ్మాం. ఊళ్లో పోయిన పరువును ఏం అమ్మి తేవాలో తెలియదు, ఇప్పటికీ ఆయన సెంటర్లోకి పోడు.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని చూసి ఈ జబ్బు గురించి రాస్తూ, ఇంద్రియాలకూ బుద్ధికీ ఏమీ కాదన్నాడు. ఆ మాటే ఇన్నాళ్లూ నడుస్తోందని నా అభిప్రాయం. నిజానికి కొందరిలో దిగులు వణుకు కంటే ఏళ్ల ముందే వస్తుంది. మిగతా మెదడు జబ్బులూ అంతే. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మంది డిప్రెషన్‌లో పడతారు. మతిమరుపు జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ అల్జైమర్ డాక్టరు దగ్గరికి 1901లో తెచ్చిన ఆగస్టే డిటర్ అనే ఆవిడలో మొదట కనిపించింది మతిమరుపు కాదు, భర్త మీద అనుమానం. మన ఊళ్లలో "ముసలితనంలో బుద్ధి మారింది" అని తిట్లు తిన్నవాళ్లలో చాలామందికి మెదడు జబ్బే ఉండి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

మీ మామయ్య సంగతికొస్తే, దిగులూ లేని మనుషులు కనిపించడమూ రెండూ ఈ జబ్బులో ఉన్నవే, మాత్రల వల్ల కూడా రావచ్చు. ఉన్నట్టుండి మొదలైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో కూడా చూపించండి. ఊళ్లో ఆర్‌ఎంపీతో నిద్ర ఇంజెక్షన్లు వేయించకండి. హాలోపెరిడాల్ లాంటివి డోపమైన్‌ను అడ్డుకుంటాయి, మనిషి కట్టెలా బిగుసుకుపోతాడు. ఎవరో చెప్పారని దూలగొండి పొడి తినిపిస్తుంటే అదీ డాక్టరుకు చెప్పండి, ఆ గింజల్లో లెవోడోపానే ఉంటుంది, మాత్రల మీద అది కలిస్తే డోసు పెరిగినట్టే. ఎప్పటి నుంచి ఏం మారిందో, ఏ మాత్ర ఎప్పుడు పెంచారో కాగితం మీద రాసుకుని పోండి, డాక్టరు అడగకపోయినా చేతిలో పెట్టండి. అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లండి, మనిషి మారిన సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అంతలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.