ఇసుక దిబ్బ మీది పండు గురించి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బీచ్‌లో ఇసుక దిబ్బ మీది తీగ నాగజెముడేనా అని నువ్వు పంపిన ఫొటో చూశాను. అది నాగజెముడు కాదురా, ముళ్లేవీ? ఇక్కడ దాన్ని పిగ్‌ఫేస్ అంటారు. మన సూర్యలంకలో మేక గిట్టలాంటి ఆకుల తీగ, రావణాసురుడి మీసాలనే గడ్డి ఇసుకను పట్టుకుని ఉండేవి కదా, సిడ్నీ తీరంలో ఆ పని చేసేవాటిలో ఇదొకటి. పక్కన చూడు, ఆ మీసాల జాతి గడ్డే ఇంకోటి కనిపిస్తుంది.

పండు తినొచ్చా అని అడిగావు. భేషుగ్గా తినొచ్చు. దాని శాస్త్రీయ నామం కార్పోబ్రోటస్‌కి గ్రీకులో అర్థమే తినే పండు అని. ఈ నేల ఆదివాసులు ఎప్పటినుంచో తింటున్నదే. పచ్చగా ఉన్నది ముట్టుకోకు, వగరు. ముదురు ఎరుపుకి తిరిగి, వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా ఆగు. పైన రెండు కొమ్ముల్లా ఉంటాయి, వాటిని పట్టుకుని కింది కొస కొరికేసి, చిన్నరసం మామిడిని పిసికినట్టు నోట్లోకి పిండుకో. తొక్క పారెయ్. లోపల జిగురు గుజ్జు, అత్తిపండులో ఉన్నట్టు సన్న గింజలు. ఉప్పు నీళ్లలో ముంచిన స్ట్రాబెర్రీలా ఉంటుంది. మీ పెదనాన్నకి మాత్రం ఇప్పటికీ నచ్చదు.

అయితే బీచ్‌లో కోయకు. నేషనల్ పార్కుల్లో మొక్కల్ని కోయకూడదు, కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ, దాని స్థలాల్లోనూ అంతే అనుకో. పైగా కలుపుమందు ఎక్కడ కొట్టారో మనకేం తెలుసు? అసలు సంగతి వేరు. ఆ తీగ కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. గాలికి ఇసుక తన మీద పడితే అందులోంచే మళ్లీ పైకి లేస్తుంది. దిబ్బను అలా పట్టి ఉంచేదాన్ని తుంచినా తొక్కినా ఎలా? ఫొటో కోసం నువ్వు కంచె దాటి నిలబడ్డావే, అది మాత్రం నాకు నచ్చలేదు.

నర్సరీలో కొనుక్కో. కొనేముందు పువ్వు చూడు. ఇక్కడిది గులాబీ ఊదా. పసుపు పూసి తర్వాత గులాబీకి మారేది దక్షిణాఫ్రికా రకం. కాలిఫోర్నియాలో రైలుకట్టలు జారకుండా దాన్నే నాటి, ఇప్పుడు తీరమంతా అల్లుకుపోతే పీకించుకుంటున్నారు. అది వద్దు.

కుండీలో సగానికి పైగా ఇసుక వెయ్, రోజంతా ఎండ తగలాలి, లేకపోతే పువ్వు విచ్చుకోదు. నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. మీ అమ్మలాగా పొద్దునా సాయంత్రం చెంబుతో పొయ్యకు.

ఆకు కూడా తినొచ్చు. గంగవాయిలి కూరలాగే కదా అని నేను పప్పులో వేసి, అలవాటుగా ఉప్పు కూడా వేశాను. ఆ గిన్నె ఎవరూ ముట్టలేదు. నువ్వు ముందు రుచి చూసి అప్పుడు వెయ్.

నర్సరీలో దొరక్కపోతే శనివారం రా. మా పెరట్లోది జానెడు కొమ్మ తుంచిస్తాను. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి గుచ్చితే చాలు. కుండీ నువ్వే తెచ్చుకో, నా దగ్గర ఖాళీ లేదు.

ఇట్లు,
పెద్దమ్మ