ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లంలో లక్క పూత

ప్రశ్న: మేము శాకాహారులం. మా అబ్బాయికి కొన్న రంగు చాక్లెట్ బిళ్లల పొట్లం మీద ఆకుపచ్చ చుక్కతో పాటు ‘గ్లేజింగ్ ఏజెంట్ 904’ అని ఉంది. అది పురుగు నుంచి తీసిందని మా మరిది అంటున్నాడు. నిజమేనా? పిల్లలకు హాని చేయదా? ఆకుపచ్చ గుర్తు ఎలా వేశారు?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మరిదిగారు చెప్పింది నిజమే. 904 అనేది షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మల రసం పీల్చి బతికే లక్కపురుగు ఒంటి నుంచి ఊరే జిగురు దాని చుట్టూ గట్టిపడి పెంకు కడుతుంది. ఆ కొమ్మలను కోసి, పెంకును గీకి, నలగగొట్టి, ఎర్రరంగు వదిలేలా కడిగి, కరిగించి వడగడితే మెరుగుపూతకు పనికివచ్చే సరుకు వస్తుంది. ఝార్ఖండ్ దీనికి పెట్టింది పేరు. రాంచీ దగ్గర లక్క పరిశోధన కోసమే 1924లో ఒక సంస్థ వెలిసింది. తుది సరుకులో పురుగును వడకట్టి తీసేస్తారు గాని, గీకేటప్పుడు పెంకులో ఉన్న పురుగులు చాలావరకు చనిపోతాయన్నది కూడా మీరు తెలుసుకోవలసిన సంగతే.

హాని విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1992లోనే ఈ పూత వాడకం ఆమోదయోగ్యమని తేల్చింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2024లో మళ్లీ పరిశీలించి, మైనం తీసి, రసాయనాలతో కాక భౌతిక పద్ధతిలో రంగు తొలగించిన షెల్లాక్‌కు, శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 4 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఆ లెక్కన 20 కిలోల పిల్లవాడికి రోజుకు 80 మిల్లీగ్రాములు. బిళ్ల మీద ఉండేది పలుచటి పొర మాత్రమే కనుక, అప్పుడప్పుడు తినే నాలుగు బిళ్లలకు బెంగపడనవసరం లేదు; వాటిలోని చక్కెర గురించి ఆలోచించడం మేలు. అయితే మైనం తీసి, రసాయనాలతో తెల్లబరచిన రకానికి, మరింత సమాచారం వచ్చేదాకా ఆ పరిమితి తాత్కాలికమేనని, మైనం తీయని రకానికి అది వర్తించదని ఆ సంస్థే చెప్పింది. పొట్లం మీది 904 అన్న అంకె చూసి అది ఏ రకమో కొనేవారు పోల్చుకోలేరు. ఇది నాకు నచ్చని సంగతి.

ఆకుపచ్చ చుక్కలో మోసం లేదు. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనలు మాంసాహారాన్ని నిర్వచిస్తూ కీటకాలను అందులో చేర్చాయి గాని, పాలు, తేనె, తేనెమైనంతో పాటు షెల్లాక్‌ను మినహాయించాయి. కాబట్టి ఆ చుక్క చట్టం మాట చెబుతుంది. మీ ఇంటి ఆచారం మాట మీరే నిర్ణయించుకోవాలి. జైనులు, కఠిన నియమం పాటించేవారు 904ను వదిలేస్తే, అది వారి నియమానికి తగిన పనే. ఇలాంటి మెరుగుపూతలకే వాడే 901 తేనెమైనం, 903 మాత్రం కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం, పూర్తిగా మొక్క నుంచి వచ్చింది.

పండ్ల సంగతి మీరు అడగలేదు గాని, మెరిసే ఆపిల్ పండ్ల మీద కూడా షెల్లాక్ పూత ఉండవచ్చు. తాజా పండ్లకు తేనెమైనం, కార్నౌబా మైనం, షెల్లాక్ పూయడానికి అనుమతి ఉంది; ఏ మైనమో లేబుల్ మీద రాయాలన్నది షరతు. పెట్టె మీద రాసినా, బండి మీద విడిగా కొనేవారికి ఆ పెట్టె కనబడదు. గోటితో గీకితే తెల్లటి పొడి రాలిందని లక్క అనుకోవడానికీ లేదు, ఆపిల్‌కు సహజంగానే మైనం ఉంటుంది. అనుమానం ఉంటే తొక్క తీసి తినండి. చన్నీళ్లతో కడిగినంత మాత్రాన లక్క పూత పోదు.