టెక్ సందేహాలు: పరాయి దేశంలో తెలిసిన భాష వినిపించే రేడియో

ఈ వారం ఉత్తరాల్లో మూడు రేడియో గురించే వచ్చాయి. ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి మూడింటికీ ఇక్కడే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగానికి తైపీ వెళ్లి ఐదు నెలలైంది. అక్కడ తుపాను అని వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. వాడేమో డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తడు. అక్కడి చానళ్లు చూద్దామంటే అంతా చైనీసే. ఇంగ్లిష్‌లో అక్కడి వార్తలు వినే దారి ఉందా?
– ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ఉందమ్మా. ఐసీఆర్‌టీ, అంటే ఇంటర్నేషనల్ కమ్యూనిటీ రేడియో తైపీ. ఫోన్‌లో ఆ పేరుతో వెతికితే వాళ్ల సైట్ వస్తుంది. అందులో ప్లే గుర్తు నొక్కితే ప్రసారం వినిపిస్తుంది. తైవాన్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున ఎనిమిదింటికి చదివే వార్తలు మీకు ఐదున్నరకే, కాఫీ పెట్టుకునే వేళకి వస్తాయి.

చైనీస్ మాట్లాడే ఊళ్లో ఈ ఇంగ్లిష్ స్టేషన్ ఎలా పుట్టిందో కూడా చెప్తాను. అప్పట్లో తైవాన్‌లో అమెరికా సైన్యం ఉండేది. ఆ సైనికుల కోసం 1957 నుంచి ఒక ఇంగ్లిష్ రేడియో నడిచింది. 1978 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, జనవరి 1 నుంచి తమ గుర్తింపు తైవాన్ ప్రభుత్వానికి కాదు, బీజింగ్ ప్రభుత్వానికేనని ప్రకటించారు. సైన్యం సామాను సర్దుకుంది. దాంతోపాటే రేడియో కూడా మూతపడాలి. కానీ వ్యాపారులు, టీచర్లు, వాళ్ల కుటుంబాలు అక్కడే ఉన్నాయి కదా! తుపాను ఎటు వస్తోందో, రేపు స్కూలుందో లేదో వాళ్లకి ఎవరు చెప్పాలి? అక్కడి అమెరికన్ చాంబర్ ఆఫ్ కామర్స్ చొరవ తీసుకుంది. 1979 ఏప్రిల్ 16న సైనిక రేడియో ఆగిపోయిన చోటే ఐసీఆర్‌టీ మొదలైంది. పెట్టింది విదేశీయుల కోసమే అయినా, పాటల కోసం, ఇంగ్లిష్ నేర్చుకోవడం కోసం తైవాన్ కుర్రకారు దాన్ని సొంతం చేసుకున్నారు.

మీ అబ్బాయికి మాత్రం ఒక మాట చెప్పండి. ఫోన్‌లో వినిపిస్తుందిగదా అని ఊరుకోవద్దు. నెట్‌లో వచ్చే ప్రసారం అసలు ప్రసారం కంటే కొన్ని సెకన్లు వెనకబడే ఉంటుంది, టవర్ పడిపోతే అదీ ఉండదు. 1999 సెప్టెంబరు 21 భూకంపానికి తైవాన్ ఉత్తర భాగమంతా కరెంటు పోయింది. బ్యాటరీలతో నడిచే చిన్న ఎఫ్ఎం సెట్టు ఒకటి కొనుక్కుని, తైపీలో 100.7 పెట్టి చూసుకోమనండి. బ్యాటరీలు సెట్టులోనే వదిలేస్తే కారిపోతాయి, పక్కన విడిగా పెట్టుకోమనండి.

ప్రశ్న: మా మామగారు యోకోహామాలో పనిచేసి వస్తూ పాత రేడియో తెచ్చారు. హైదరాబాద్‌లో ఒక్క ఎఫ్ఎం కూడా రావడం లేదు. పాడైందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. సెట్టు కాలిపోతుంది. బ్యాటరీలు వేసి చూడండి.

రేడియో పాడై ఉండకపోవచ్చు. జపాన్‌లో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది. మన దగ్గర రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8. ముల్లు అక్కడిదాకా వెళ్లకపోతే ఏమీ వినపడదు. అయితే డయల్ చివర టీవీ అని, 1, 2, 3 అని అంకెలున్నాయేమో జాగ్రత్తగా చూడండి. జపాన్ పాత టీవీ చానళ్లలో మొదటి మూడూ 90 నుంచి 108 మధ్యే ఉండేవి. 2011లో జపాన్‌లో చాలాచోట్ల ఆ అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి కానీ, వాటి శబ్దం కోసం పెట్టిన భాగం మీ సెట్టులో ఉండే ఉంటుంది. రెండో చానల్ శబ్దం 101.75 దగ్గర వచ్చేది. ముల్లు 2 అంకె మీద పెట్టి వెంట్రుకవాసి జరపండి, రెయిన్‌బో పలుకుతుంది. ఆ అంకెలు లేకపోతే మాత్రం ఆ సెట్టుతో ఇక్కడి ఎఫ్ఎం కుదరదు.

ఆ డయల్‌కి ఎడమ కొసన, 76.1 దగ్గర మీ మామగారు ఇంటర్‌ఎఫ్ఎం అనే విదేశీ భాషల స్టేషన్ విని ఉండవచ్చు, అడిగి చూడండి. 1995 జనవరి 17న కోబే భూకంపం వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడ ఇస్తున్నారో, ఏ బడిలో తలదాచుకోవాలో జపనీస్ రాని వాళ్లకి తెలియలేదు. ఆ గుణపాఠంతోనే విదేశీ భాషల స్టేషన్లకు అనుమతులిచ్చారు. అదే ఏడాది అక్టోబరులో ఒసాకాలో ఎఫ్ఎం కోకోలో, 1996 ఏప్రిల్‌లో టోక్యోలో ఇంటర్‌ఎఫ్ఎం మొదలయ్యాయి. భాష రానివాడికి ఆపదలో సమాచారం అందకపోవడం కంటే పెద్ద లోపం ఏ నగరానికైనా ఏముంటుంది? మన నగరాల్లో ఒడిశా, బిహార్ కూలీలను చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ప్రశ్న: డల్లాస్ నుంచి మా అమ్మాయి తెచ్చిన డిజిటల్ రేడియోలో విజయవాడ కేంద్రం గరగరమంటోంది. ఎందుకు?
– ఒక రిటైర్డ్ మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారూ, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. మన మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9. అమెరికాలో 10. మీ సెట్టు 830 తర్వాత నేరుగా 840కి దూకుతోంది, అందుకే ఆ గరగర. టోక్యోలో అమెరికా సైనిక రేడియో 810 మీద ఉంది. మీరు లెక్క వేసి చూడండి, 810 తొమ్మిదితోనూ పదితోనూ భాగిస్తే నిశ్శేషంగా పోతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న సెట్టులోనూ సైనికులకి అది సరిగ్గా దొరికేది. మన 837కి ఆ వెసులుబాటు లేదు.

బ్యాటరీల మూత తీసి చూడండి. లోపల 9, 10 అని రాసిన చిన్న మీట ఉంటే అగ్గిపుల్లతో 9 వైపు జరపండి. మీట లేకపోతే సెట్టు ఆపి ఏదో ఒక బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాల్సి ఉంటుంది. ఏ బటనో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి దాంతో వచ్చిన పుస్తకం చూడండి. మార్చగానే దాచుకున్న స్టేషన్లు చాలా సెట్లలో చెరిగిపోతాయి, ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి.