కణం నలిగినప్పుడు కేంద్రకం పొర చిరిగితే కణం చచ్చిపోదా?

చాలాసార్లు చావదు. తెల్ల రక్తకణాలు, క్యాన్సర్ కణాలు కణజాలంలోని ఇరుకు సందుల్లోంచి దూరి వెళ్తుంటాయి. మిగతా కణమంతా సులువుగానే సాగుతుంది, ఇబ్బందల్లా పెద్దగా, గట్టిగా ఉండే కేంద్రకంతోనే. దాని రెండు పొరలకు లోపలివైపు లామిన్ ప్రోటీన్ల వల ఉంటుంది. నులకమంచం అల్లికలా అది ఒత్తిడిని పంచుకుంటుంది. ఆ వల పలచబడ్డ చోట, ముఖ్యంగా లామిన్ బి అనే రకం లేనిచోట, పొర ఉబ్బి పగులుతుంది.

పగలగానే బయటపడ్డ డీఎన్ఏకి బాఫ్ అనే చిన్న ప్రోటీన్ అతుక్కుంటుంది. నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే: గాయం ఎక్కడుందో చెప్పే గుర్తు డీఎన్ఏనే. బాఫ్ మరికొన్ని ప్రోటీన్లను, వాటితోపాటు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (కేంద్రకం పొరతో కలిసి ఉండే, కణంలోని పొరల వల) పొరను అక్కడికి చేరుస్తుంది. ఎస్కార్ట్-3 ప్రోటీన్లు కూడా వచ్చి రంధ్రం మూయడానికి తోడ్పడతాయి.

2016లో ఫ్రాన్స్, అమెరికా పరిశోధక బృందాలు విడివిడిగా కణాలను సన్నని చానెళ్లలో నడిపించి దీన్ని చూశాయి. కేంద్రకంలో ఉండాల్సిన మెరిసే ప్రోటీన్ బయటికి కారింది, కాసేపటికి మళ్లీ లోపలికి చేరింది. అంటే పొర మూసుకున్నట్టే.

కానీ ఇది ఉచితంగా జరగదు. నలిగినప్పుడు డీఎన్ఏ తెగవచ్చు, డీఎన్ఏను మరమ్మతు చేసే ప్రోటీన్లు కేంద్రకం బయటికి పోతాయి. లామిన్ ఎ జన్యువులో లోపముంటే నిత్యం సాగే కండరాలు, గుండె ఎక్కువగా దెబ్బతినడానికి ఈ చిరుగులు ఒక కారణమని భావిస్తున్నారు.