ఎనిమిదో తరగతి పిల్లలు సోషల్ పాఠం గడగడా చదువుతారు, ఏం చదివారంటే చెప్పలేరు. ఏం చేయాలి?

మేడమ్ గారూ, కందుకూరు వైపు హైస్కూల్లో చెబుతున్నానన్నారు కాబట్టి దగ్గరి ఉదాహరణలతోనే చెబుతాను. ముందుగా, పాఠమంతా వివరించి ఆ తర్వాత చదివించే పద్ధతి మానండి. విషయం మీ నోట విన్నాక పిల్లలకు పుస్తకం చదవాల్సిన అవసరమే ఉండదు.

వారానికి ఒక్క పీరియడ్ చాలు. 100–120 మాటల భాగం ఒకటి, పెద్ద అక్షరాల్లో, పంక్తులకు అంకెలు వేసి ఇద్దరికొక కాగితం ఇవ్వండి. పాత ఓడరేవు మోటుపల్లితో మొదలుపెట్టవచ్చు. 2022 దాకా అది ప్రకాశం జిల్లాదే, ఇప్పుడు బాపట్లలో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఓడ వర్తకులకు భయం లేదని మాటిస్తూ అభయ శాసనం వేయించాడు. దాని సారం మీరే రాయండి, కానీ వాక్యాలను మరీ ముక్కలు చేయొద్దు. ఇలా ఉండొచ్చు: “తుఫానుకు చిక్కి విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు, మేము మాత్రం సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాము.”

చాలామంది పిల్లలు ఇది చదివి “రాజు సరుకు లాక్కున్నాడు” అంటారు. కారణం, మన వాక్యంలో అసలు క్రియ చివర వస్తుంది. అక్కడికి చేరేసరికి ఎవరు ఏం చేశారో మర్చిపోతారు. అందుకే మొదటిసారి మౌనంగా చదివాక, రెండోసారి క్రియల కింద గీత గీయించండి. ఒక్కో క్రియకు ఎవరు, దేన్ని, ఎప్పుడు అని అడిగి బాణం గీయించండి. ఈ పనికి పది నిమిషాలు పోయినా పర్వాలేదు, అసలు చదువు ఇక్కడే జరుగుతుంది.

ఇక ప్రశ్నలు. “శాసనం ఎవరు వేయించారు?” అంటే పేరు వెతికి ఎక్కించేస్తారు. “లాక్కునేవారు అని చెబుతున్నది నష్టపోయిన వర్తకులా, రాజా?” “ఈ మాట ఎవరు నమ్మాలని?” “మాట నిలబెట్టుకున్నట్టు ఇందులో ఎక్కడైనా ఉందా?” అని అడగండి. జవాబు పక్కన పంక్తి అంకె రాయాల్సిందే. మూడో ప్రశ్నకు “లేదు” అన్నదే సరైన జవాబు. అలా చెప్పడానికి పిల్లలు భయపడతారు, ధైర్యం ఇవ్వండి. తర్వాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిచ్చాడని చెప్పి, మళ్లీ ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో ఊహించమనండి. అది ఊహేనని వాళ్లచేతే రాయించండి.

రెండో వారానికి పొట్టి శ్రీరాములు. నిరాహార దీక్ష కొన్ని పుస్తకాల్లో 56 రోజులని, కొన్నింటిలో 58 అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి తేదీలివ్వండి: 1952 అక్టోబర్ 19 మొదలు, డిసెంబర్ 15 మరణం. మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుంటే అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15, మొత్తం 58. అచ్చులో ఉన్నదాన్ని కూడా సరిచూడవచ్చని మీ వైపు పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

శతాబ్దాల దగ్గర మాత్రం జాగ్రత్త. 13వ శతాబ్దం అంటే 1300 తర్వాత అనుకుంటారు, గోడ మీద కాలరేఖ ఒకటి ఉండాలి.

అక్షరాలే కూడబలుక్కునే పిల్లలకు ఇది పనిచేయదు. వాళ్లకు రోజూ పదిహేను నిమిషాలు విడిగా గట్టిగా చదివించాలి. ఈ పీరియడ్‌లో వాళ్లను బాగా చదివేవాళ్ల పక్కన కూర్చోబెట్టి, బాణాలు గీసే పెన్సిల్ వాళ్ల చేతికే ఇవ్వండి.